ఎర్రగుట్ట నాడెల వెల

61వ రోజు. మ్యాచ్ రోజు.

చాప వేడి: 52 డిగ్రీలు. ఆఫీసు పుస్తకంలో రాసిన నీళ్లు: 45,000 లీటర్లు. నిజంగా పోసినవి: 15,000.

ఆఫీసు పుస్తకం లీగువాళ్లది. ఇది నాది. దాంట్లో సంతకం పెడతాను, దీంట్లో నిజం రాస్తాను. ఆరేళ్లుగా ఇదే తంతు.

మా మైదానాన్ని లీగు కాగితాల్లో కృత్రిమ పచ్చిక అంటారు. పచ్చిక లేదు, పాడూ లేదు. నైలాన్ చాప. ఎర్రగుట్టలో అందరూ చాప అనే అంటారు. దానిమీద హాకీ ఆడాలంటే ముందు తడపాలి. లేకపోతే బంతి జారదు, కిందపడ్డవాళ్ల మోకాలి తోలు చాపకే అంటుకుపోతుంది. అందుకని మ్యాచ్ రోజు నలభై ఐదు వేల లీటర్లు వాడుకోమని లీగు మాకు లైసెన్సు ఇచ్చింది. ఊళ్లో మాత్రం ఇంటికి రోజుకి ఒక్క బిందె. అదీ ట్యాంకరు వస్తే.

మేం మూడో వంతు నీళ్లతో ఆడతాం. తక్కిన ముప్పై వేలు స్టాండు కింద తొట్టెలోకి వెళతాయి. ఆట అయ్యాక టికెట్ చూపించిన వాళ్లకి టికెట్‌కి ఒక బిందె పట్టిస్తాం. రెండు వేల టికెట్లు, రెండు వేల బిందెలు. వాడని నీళ్లు వాడలేదని రాస్తే లైసెన్సు కోసేస్తారు కాబట్టి వాడామనే రాస్తాను. చాపకి నీళ్లు పెట్టేది, చాప ఊడ్చేది, ఈ అబద్ధం రాసేది అన్నీ నేనే. నా పేరు సుంకమ్మ. మోకాలు పోకముందు ఇదే జట్టులో ఫుల్‌బ్యాక్‌ని.

ఇవాళ 4-1తో గెలిచాం. ఇంటి మైదానంలో ఆరేళ్లుగా ఓడలేదు. బయటి ఊళ్లలో ఈ ఏడు ఒక్కటీ గెలవలేదు. ఎందుకో పేపర్లవాళ్లకి అంతుచిక్కదు, మా బిందెల చప్పుడు వల్లేనని రాస్తుంటారు. సగం ఆటప్పుడు జనం ఖాళీ బిందెలు వాయిస్తారు మరి. ఖాళీ బిందె చేతిలో పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చోవడం ఎవరి తరం?

ఓబులమ్మవ్వ మామూలుగానే గేటు తెరవకముందే వచ్చి మొదటి వరుసలో కూర్చుంది. డెబ్బై నాలుగేళ్లు, పట్టునూలు చుడుతుంది. ఆట అయ్యాక మొదటి బిందె ఆమెదే.

"ఎవురు గెల్చిరి?" అంది కొళాయి దగ్గర.

"మనమే అవ్వా."

"ఎవురైతే ఏమిలే. బిరీన ఇప్పు."

63వ రోజు. సోమవారం.

సోమవారం పొద్దున బజారులో బోర్డు మీద జట్ల వెలలు మారతాయి. మా లీగులో పన్నెండు జట్లు. ఏడాది చివర ఒక జట్టును పీకేస్తారు. పాయింట్లలో ఆఖరున ఉన్నదాన్ని కాదు, వెలలో ఆఖరున ఉన్నదాన్ని. మాది 41 కోట్లు, పన్నెండో స్థానం. మా పైన ఉప్పుటేరు జట్టు, 49.

మా జట్టు పేరు నాడెలు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె. జట్టుకు యజమాని ఊళ్లోని నేతవాళ్ల సంఘం, అంటే పదకొండు వందల ఇళ్లు. బోర్డు కింద నిలబడి అందరూ తలెత్తి చూస్తారు, మగ్గాల దగ్గరికి పోతారు.

కోచ్ కుళ్లాయప్పన్న చాప మీదికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈ మనిషి ఆటగాళ్లకు పరుగు నేర్పుతాడు గానీ తాను పరిగెత్తితే ఏదో ముంచుకొచ్చినట్టే లెక్క.

"వెల కట్టే ఆయప్ప గురువారం వస్తాండాడంట. మూడేండ్లకొకసారి వచ్చేది. పోయిన తూరి వచ్చినాయప్ప మ్యాచ్ చూడకుండానే పాయె. ఈసారి ఆయప్ప కట్టిందే ఆఖరు."

"రానీ. చాప చూపిస్తాం, గోలుపోస్టులు చూపిస్తాం."

"నీళ్ల పుస్తకం అడిగితే?"

"అడిగితే ఇస్తాం. నా రాత బాగుంటుంది."



66వ రోజు.

వచ్చాడు. పేరు వేదాద్రి. సముద్రం వైపు మనిషి, నలభై దాటిన వయసు, మెడలో తువ్వాలు, చేతిలో పలక లాంటి యంత్రం. ప్రతి మాటకీ 'అండీ' తగిలిస్తాడు. ఈ ఎండకి ఆయన ముఖం వచ్చిన గంటలోనే కందిపోయింది.

పొద్దంతా లెక్కలే. కర్రలెన్ని, గోల్‌కీపరు కాళ్లకు కట్టుకునే మెత్తలెన్ని, అందులో ఎలుకలు కొట్టినవెన్ని. నా రోలరుని చుట్టూ తిరిగి చూసి, "ఇది పనిచేస్తుందాండీ?" అన్నాడు. "నాతో పాటే" అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

ఆయన కాగితంలో రెండు నిలువు గడులున్నాయి. ఒకటి 'తరలించదగినవి', ఇంకోటి 'తరలించలేనివి'. ఆటగాళ్లు, పేరు, నీటి లైసెన్సు మొదటి గడిలో. గోడలు, స్టాండు రెండో గడిలో.

సాయంత్రం నీళ్ల పుస్తకం అడిగాడు. ఇచ్చాను. పేజీలు తిప్పి, "ఆరేళ్లలో ఒక్క కొట్టివేత లేదండీ. ఇంత శుభ్రంగా రాసేవాళ్లని నేను చూడలేదు" అన్నాడు.

అబద్ధం రాసేటప్పుడు చెయ్యి తడబడితే ఎలా? నేలచూపులు చూశాను.

68వ రోజు. మ్యాచ్ రోజు.

రాసింది: 45,000. పోసింది: 15,000.

వేదాద్రిగారు ఇప్పటికే పదకొండు జట్లకు వెల కట్టాడు. ఒక్క మ్యాచ్ కూడా స్టాండులో కూర్చుని చూడలేదట. చూడడానికి ఏముంది? మిగతా ఊళ్లలో ఎవరూ మైదానానికి రారు. ఇంట్లోనే ఆట కనిపించే కళ్లద్దాలు పెట్టుకుని చూస్తారు. స్టాండులో మనుషుల బొమ్మలు కదుల్తుంటాయి, కేరింతలు స్పీకర్లోంచి వస్తాయి.

గేటు తెరవగానే జనం మా స్టాండులోకి విరగబడ్డారు. వేదాద్రిగారు లేచి నిలబడ్డాడు. కలం కింద పడింది, తీసుకోలేదు.

"వీళ్లంతా మనుషులేనాండీ?"

"ఇంకేం కనిపిస్తున్నారు?"

"అంటే... డబ్బులిచ్చి పిలిపించారా?"

"వాళ్లే డబ్బులిచ్చి టికెట్ కొన్నారు."

సగం ఆటకి బిందెలు మోగాయి. రెండు వేల బిందెలు ఒకేసారి మోగితే రేకుల పైకప్పు అదురుతుంది. ఆయన చెవులు మూసుకోలేదు. "ఈ వాద్యం పేరేమిటండీ?" అన్నాడు. "బిందె" అన్నాను. రాసుకున్నాడు.

తర్వాత ఓబులమ్మవ్వ పక్కన కూర్చుని, "మీరు ఈ జట్టు అభిమానా అమ్మా?" అని అడిగాడు.

"నేను పట్టు సుడతా నాయనా."

"కాదమ్మా, హాకీ అంటే మీకు ఇష్టమా అని."

"ఈ కట్టెలాట నాకేమి తెల్సు? నేను నీళ్ల కోసరం వచ్చినా."

అయిపోయాం అనుకున్నాను. వేదాద్రిగారు పాపం ఎండకి ఆమె గొంతు ఎండిపోయిందనుకుని తన సీసా తీసి చేతిలో పెట్టాడు. అవ్వ తాగింది, సీసా కూడా కొంగున చుట్టుకుంది.

ఆట అయిన వెంటనే కుళ్లాయప్పన్న ఆయన్ని ఉగ్గాని బజ్జీ తినిపించడానికి బజారుకి లాక్కుపోయాడు. వాళ్లు తిరిగొచ్చేలోపు రెండు వేల బిందెలు పట్టించేశాం.

70వ రోజు. సోమవారం.

బోర్డు మీద మా వెల: 124 కోట్లు. నాలుగో స్థానం.

బోర్డు చెడిపోయిందనుకున్నారు ముందు. తర్వాత ఎవరో ఈల వేశారు. మగ్గాలు ఆగిపోయాయి. కుళ్లాయప్పన్న అంగడివాడి చేత శనక్కాయ చిక్కీలు డబ్బాడబ్బా పంచిపెట్టించాడు.

లెక్క ఇలా వేశాడట: ఆటగాళ్లు 46 కోట్లు, నీటి లైసెన్సు 30, కర్రాకంపా గోడా కలిపి 8, జనం 40. ఒక్కో మనిషికి రెండు లక్షల చొప్పున రెండు వేల మంది. స్వయంగా వచ్చి కూర్చునే జనం ఇంకే జట్టుకూ లేరు కాబట్టి ఆ రేటు. బిందెల చప్పుడును 'వారసత్వ వాద్యం' అని రాసి, జనాన్నీ దాంతో కలిపి తరలించదగినవాటిలో వేశాడు.

నాకు చిక్కీ సహించలేదు. ఆ నలభై కోట్లు నీళ్లవి. నీళ్లు చూసి వచ్చినవాళ్లని ఆటను చూసి వచ్చారనుకున్నాడు. ఆ మాట చెప్పలేను, ఆయన మీద నవ్వలేను.

73వ రోజు.

నవ్వకపోవడమే మంచిదైంది.

సాగర్‌నగరం అని సముద్రం మీద తేలే ఊరొకటుంది. డబ్బుంది, కప్పున్న స్టేడియముంది, జట్టు లేదు. వాళ్లు 186 కోట్లు ఇస్తామన్నారు. బోర్డు వెలకు ఒకటిన్నర రెట్లు ఎవరిస్తామన్నా సంఘం కాదనడానికి వీల్లేదని లీగు నియమం. పదిహేను రోజుల్లో ఆటగాళ్లు, పేరు, నీటి లైసెన్సు అన్నీ వాళ్లవి.

వాళ్ల మనుషులిద్దరు వచ్చి చాప మీద బూట్లతో నడిచారు. బూట్లు విప్పమన్నాను. విప్పారు, మర్యాదస్తులే. ఒకాయన అడిగాడు: "ఆ బిందెలు ఎక్కడ దొరుకుతాయండీ? రెండు వేలు కావాలి. సీట్లకు బిగించి యంత్రంతో వాయిస్తాం."

స్టీలు సామాను అంగడి చూపించాను.

సాయంత్రం మాబున్నీ నా దగ్గరికొచ్చి కూర్చుంది. మా కెప్టెన్. పెనాల్టీ కార్నర్‌లో ఆమె కొట్టే దెబ్బకు లీగులో పేరుంది. వాళ్లమ్మ చూపు మందగించాక ఇంట్లో మగ్గం మీద కూర్చునేది కూడా ఈ పిల్లే.

"నన్ను గూడా రాసినారా అక్కా ఆ కాగితంలో?"

"ఆటగాళ్లంతా ఉన్నారు. పద్దెనిమిది మంది."

"పోనంటే?"

"మూడేళ్లు ఎక్కడా ఆడనివ్వరు."

చాప అంచు దారం ఒకటి లేచి ఉంటే పీకుతూ కూర్చుంది. పీకొద్దని అనలేదు. ఈ పిల్లకు కర్ర పట్టుకోవడం నేర్పింది నేను. ఆమెను గోలుపోస్టుల పక్కన చేర్చి లెక్కలో రాసుకుపోతున్నారంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

74వ రోజు.

కుళ్లాయప్పన్నతో పోట్లాట.

"నిజం చెప్పేద్దాం" అన్నాను.

"నీకు పిచ్చి పట్టిందా? చెప్తే లైసెన్సులో రెండొంతులు కోసేస్తారు. ఊరి నీళ్లు పాయె."

"అమ్ముడుపోతే మొత్తం లైసెన్సే పోతుంది. అప్పుడు మాత్రం నీళ్లెక్కడివి?"

నెమ్మదిగా అన్నాడు: "చెప్తే వెల పడిపోతుంది. మళ్లా ఆఖరికి పోతాం. లీగోళ్లు పీకేస్తారు. రెండు దిక్కులా సావే గదా సుంకక్కా."

నిజమే. వెల ఎక్కువైతే అమ్ముడుపోతాం, తక్కువైతే పీకేస్తారు. బతకాలంటే వెల ఉండాలి, కానీ ఆ వెలను ఎవరూ మోసుకుపోయే వీలుండకూడదు. వేదాద్రిగారి కాగితంలో రెండో గడి, 'తరలించలేనివి', నా కళ్లముందు ఆడింది.

"మన పిల్లలు బయట ఎందుకు ఓడిపోతున్నారో నీకు తెలుసు కదా?" అన్నాను.

తెలుసు. ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ పైకి అనుకోలేదు, అంతే.

75వ రోజు.

వేదాద్రిగారు అమ్మకం కాగితాల కోసం ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ఈ పుస్తకం, అంటే మీరు చదువుతున్న ఇదే, తీసుకెళ్లి ఆయన బల్లమీద పెట్టాను. రెండంకెలూ చూపించాను. రాసింది, పోసింది.

గంటసేపు చదివాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ పెద్దావిడ నీళ్ల కోసం వచ్చానంటే..." అని ఆగిపోయాడు.

"నిజమే చెప్పింది. మీ సీసా ఆమె దగ్గరే ఉంది."

నవ్వలేదు. "నేను కట్టిన వెల తప్పని ఎవరూ ఇంతవరకూ అనలేదండీ" అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంకంటే చేసిన పని చెడిందన్న బాధే ఎక్కువ కనిపించింది ఆ ముఖంలో. అక్కడే నాకు ఆయనంటే కాస్త గౌరవం కలిగింది.

"ఇంకో మాట. మా పిల్లలు తడి చాప మీద ఆడలేరు. ఆరేళ్లుగా సగం ఎండిన చాప మీద ఆడీ ఆడీ తడి మర్చిపోయారు. కావాలంటే పరీక్ష పెట్టండి."

76వ రోజు.

రాసింది: 45,000. పోసింది: 45,000. ఆరేళ్లలో మొదటిసారి.

గొట్టాలు తిప్పగానే చాప నల్లబడి మెరిసింది. నీళ్లు అంచుల మీంచి పొర్లి కాలవలో పడ్డాయి. కంచె అవతల ఊరంతా నిలబడి చూస్తోంది. ఓబులమ్మవ్వ కాలవ దగ్గర కూర్చుని ఆ మురికినీళ్లే చేత్తో తోడి బిందెలో పోసుకుంటోంది. ఆ దృశ్యం నేను మర్చిపోను. గొట్టం తిప్పింది నా చెయ్యే.

పిల్లలు దిగారు. బంతి వాళ్ల అంచనాకన్నా ముందే వెళ్లిపోతోంది. పాసులన్నీ పక్కకు పోయాయి. ముగ్గురు జారి పడ్డారు. మాబున్నీ కొట్టిన ఎనిమిది కార్నర్లలో ఆరు గోలు పైనుంచి పోయి కంచెకు తగిలాయి. కర్ర నేలకేసి కొట్టి, "ఇది మన చాప కాదక్కా!" అని అరిచింది.

మనదే అమ్మా. తడిపాం, అంతే.

వేదాద్రిగారు అంచున నిలబడి అన్నీ రాసుకున్నాడు. కొత్త లెక్క చెప్పాడు: ఆటగాళ్లు, ఈ చాప మీద తప్ప ఆడలేరు కాబట్టి, 14. లైసెన్సు 15,000కి కోసేస్తే 10. కర్రాకంపా గోడా 8. మొత్తం 32 కోట్లు.

"జనం?"

"అది తెలియదండీ. నీళ్లు లేకపోతే ఎంతమంది వస్తారో ఎవరికి తెలుసు? 82వ రోజు ఇక్కడ ఆఖరి మ్యాచ్ ఉంది. నీళ్లు పట్టించకుండా ఆ రోజు వచ్చినవాళ్లని లెక్కపెడతాను. తలకి రెండు లక్షలే. మీరు ఉప్పుటేరు కంటే ఒక్క రూపాయి పైన ఉండాలంటే ఎనిమిది వందల యాభై ఒక్క మంది రావాలి."

"వాళ్లని ఏ గడిలో వేస్తారు?"

కాగితం తిప్పి ఆ రెండు గడులూ చూశాడు. "నీళ్లు లేకుండా వస్తే, రెండో గడిలోనేనండీ."

నాకు శిక్ష కూడా చెప్పాడు. తప్పుడు లెక్క రాసినందుకు ఏడాదిపాటు ఆఫీసు పుస్తకంలో సంతకం చేయకూడదు. ఊడవడం, తడపడం చేసుకోవచ్చు. జైలు అనుకున్నాను, నయమే.

79వ రోజు.

గేటుకి బోర్డు కట్టాను: 'ఇకపై మ్యాచ్ తర్వాత నీళ్లు లేవు.' కింద నా పేరు రాశాను. ఎవరిని తిట్టాలో తెలియాలి కదా.

తిట్టారు. ఒకాయన నా ఇంటి ముందు ఖాళీ బిందె బోర్లించి పోయాడు. అంగడివాడు చిల్లర చేతికివ్వకుండా బల్లమీద పెట్టాడు. నేను ఎదురు చెప్పలేదు. పుస్తకంలో ఏం రాసినా వాళ్లింట్లో వంట ఆగిపోయేది ఆగిపోయేదే.

ఓబులమ్మవ్వ బోర్డు ముందు నిలబడింది. చదువు రాదు. నేనే చదివి చెప్పాను. ఏమీ అనకుండా పోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

82వ రోజు. మ్యాచ్ రోజు.

రాసింది: 15,000. పోసింది: 15,000. సంతకం: మాబున్నీ.

వేదాద్రిగారి యంత్రం టికెట్లను లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. మా ఊళ్లో టికెట్లు కొనేది నీళ్ల కోసమని తెలిశాక ఆయన దాన్ని సంచిలో పెట్టేసి గేటు దగ్గర స్టూలు వేసుకున్నాడు. కుళ్లాయప్పన్న ఇంటినుంచి ఒక మూట చింతగింజలు తెచ్చాడు. మనిషికో గింజ. వేయడానికి ఏదైనా గిన్నె ఉందా అని అడుగుతున్నాడు, అప్పుడే ఓబులమ్మవ్వ వచ్చింది. ఎప్పటిలాగే గేటు తెరవకముందే. చంకలో బిందె.

"నీళ్లు లేవవ్వా. బోర్డు చదివి చెప్పాను కదా" అన్నాను.

"సెవుడేం ల్యాదు నాకు." బిందె తీసి స్టూలు పక్కన పెట్టింది. "ఇందులో ఏసుకో నాయనా. మూతి సన్నం, గింజలు సెదరవు." టికెట్ కొని మొదటి వరుసలో కూర్చుంది.

మొదటి గింజ ఖంగుమంది.

అరగంటలో రెండు వందలు దాటలేదు. కుళ్లాయప్పన్న గేటుకీ చాపకీ మధ్య తిరుగుతున్నాడు. ట్యాంకరు వచ్చింది, జనమంతా అక్కడున్నారని ఎవరో చెప్పారు. ట్యాంకరును నేనెలా తిట్టను? తర్వాత మగ్గాల వీధి వైపునుంచి ఒక గుంపు వచ్చింది. తర్వాత ఇంకొకటి. పట్టిన బిందెలు ఇంట్లో పెట్టి, చేతులు దులుపుకుని వస్తున్నారు. నా ఇంటి ముందు బిందె బోర్లించినాయన కూడా వచ్చాడు, నావైపు చూడలేదు. గింజల చప్పుడు మారుతూ వచ్చింది. ముందు స్టీలు మీద పడ్డ చప్పుడు, తర్వాత గింజల మీద గింజలు పడ్డ చప్పుడు.

ఆట మొదలైంది. బిందెలు లేవు, స్టాండు వింతగా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలు బెదిరారు. సగం ఆటకి 0-2. అప్పుడు జనం కాళ్లతో రేకులు తన్నడం మొదలుపెట్టారు. రెండో సగంలో రెండు గోల్స్ కొట్టాం. చివరి నిమిషాల్లో మాకు పెనాల్టీ కార్నర్ దొరికింది.

మొదటి వరుసలోంచి కేక వినిపించింది: "ఎడం పక్కకి కొట్టు మాబున్నీ! ఆ గోలు పిల్ల ముందే కుడిపక్కకి ఒరుగుతాది! పోయిన తూరి గూడా అట్లనే ఒరిగె!"

ఓబులమ్మవ్వ. నిలబడి ఉంది, కొంగు నడుముకి బిగించి.

నేను నీళ్ల గొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆరేళ్లు. ఎవరు గెలిచారని ప్రతిసారీ అడిగి, ఎవరైతే ఏమిలే అన్న మనిషి!

మాబున్నీ కుడికే కొట్టింది. గోల్‌కీపరు ఆపేసింది. అటునుంచి అటే వాళ్లు దూసుకొచ్చి గోల్ కొట్టారు. 2-3. ఆరేళ్లలో ఇంటి మైదానంలో మొదటి ఓటమి. ఎవరూ లేచి పోలేదు. పిల్లలు తలలొంచుకుని చాప చుట్టూ నడిస్తే స్టాండంతా లేచి నిలబడింది. నేను బాహాటంగానే ఏడ్చాను, ఈ వయసులో సిగ్గేమిటి?

ఓబులమ్మవ్వ తన బిందె కోసం కూర్చుంది. గింజలు లెక్కపెట్టేదాకా ఇవ్వలేం.

"నీళ్లూ లేవు, గెలుపూ లేదు. ఎందుకొచ్చావవ్వా?" అన్నాను.

"ఆరేండ్లు సూస్తిని గదమ్మే. ఇంగ ఆపేకి కాదు." మళ్లీ కోపం గుర్తొచ్చింది ఆమెకు. "ఆ పిల్లకి సెప్పు, ఎడం పక్కకని."

గింజల్ని చాప మీద పదేసి కుప్పలుగా పోసి ముగ్గురం లెక్కపెట్టాం. 1,164. అమ్మిన టికెట్లు చూస్తే 1,165. ఒకటి తేడా. రెండుసార్లు లెక్కపెట్టాక వేదాద్రిగారు జేబులోంచి తన టికెట్ తీసి చూపించాడు. "నన్ను కలపకూడదండీ, నేను ఉద్యోగం మీద వచ్చాను" అన్నాడు. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. ఎప్పుడు అరిచాడో నేను చూడలేదు.

84వ రోజు. సోమవారం.

బోర్డు: ఎర్రగుట్ట నాడెలు, 55 కోట్ల 28 లక్షలు. పదకొండో స్థానం. ఉప్పుటేరు వెళ్లిపోయింది. వాళ్ల చాప తడిపేవాళ్లు ఎవరో, ఈ పొద్దు వాళ్ల గురించే ఆలోచించాను.

సాగర్‌నగరం వెనక్కి తగ్గింది. ఒకటిన్నర రెట్లంటే ఎనభై మూడు కోట్లు కట్టాలి, తీసుకుపోగలిగింది ఇరవై నాలుగు కోట్ల సరుకు. అంత తెలివితక్కువవాళ్లు కారు. రెండు వేల బిందెలు మాత్రం కొన్నారట, అంగడివాడు సంతోషంగా ఉన్నాడు. నాకు చిల్లర చేతికిచ్చాడు.

వేదాద్రిగారి నివేదికలో ఆఖరి మాటలు ఇవి: 'తరలిస్తే ఈ జట్టుకు వెల లేదు. కొనుగోలుకు పనికిరాదు.' కుళ్లాయప్పన్న చీరల అంచులు గీసేవాడిని పిలిపించి, ఆ రెండు ముక్కలూ మైదానం గోడమీద మనిషెత్తు అక్షరాలతో రాయించాడు. పిల్లలు దాని ముందు నిలబడి ఫోటో దిగారు.

బస్సెక్కేముందు వేదాద్రిగారు ఆఫీసు పుస్తకం తెరిచి తొమ్మిదో గడి మీద వేలు పెట్టాడు. 'ప్రేక్షకుల అవసరాలకు: పదో వంతు మించకుండా.' చీమతలంత అక్షరాలు.

"ఇది మొదటినుంచీ ఉందండీ. ఆరేళ్లూ ఖాళీగా వదిలేశారు."

అందంగా రాయాలన్న ధ్యాసలో చదవడం మర్చిపోయాను. తిట్టుకోవాలంటే జన్మంతా సరిపోదు, అందుకని తిట్టుకోలేదు.

88వ రోజు.

రేపటినుంచి కొత్త సీజను సాధన మ్యాచ్‌లు. చాపకి 13,500. తొమ్మిదో గడిలో 1,500, అంటే వంద బిందెలు. రెండు వేలకి ఇది ఏ మూలకీ రాదు. సగం ఆటప్పుడు చీటీలు తీసి ఇస్తాం, వచ్చిన ప్రతి మనిషికీ ఒక చీటీ. ఓబులమ్మవ్వకి వరసలో లేకుండా ఒక బిందె ఇద్దామని కుళ్లాయప్పన్న అంటే, ఆమె ఒప్పుకోలేదు. చీటీలోనే రావాలంట.

మాబున్నీ పొద్దుటినుంచి ఎడం పక్కకే కొడుతోంది.

ఆఫీసు పుస్తకంలోనూ ఈ పుస్తకంలోనూ ఇప్పుడు ఒకటే అంకె. ఒక్క అంకెకి రెండు పుస్తకాలెందుకు? చీటీలకి కాగితం కావాలి. దీంట్లో ఇంకా తొంభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఈ పేజీ తర్వాతవన్నీ చింపుతున్నాను.